దెబ్బ ఎక్కడ, ఎంత గట్టిగా

మా బావ తల మొదటిసారి పగిలింది నేరేడుచర్లలో. ప్లాస్టిక్ కుర్చీతో కొట్టారని అక్కకు చెప్పాం. నిజానికి అది ఇనుప కుర్చీ. ప్లాస్టిక్ కుర్చీకి అంత పని చేతకాదని అక్కకూ తెలుసు. కాని మొగుడి తల మీద కుట్లు చూస్తున్న మనిషి కుర్చీ గురించి ఎక్కువ అడగదు.

బావది మిర్యాలగూడ. డీసీఎం బండి మీద సౌండ్ బాక్సులు, జనరేటర్, ఒక ల్యాప్‌టాప్, వీటి నడుమ స్టాండు మీద ఒక ఎలక్ట్రానిక్ ప్యాడ్. ఇదంతా కలిపి మా ఇంట్లో ‘సెట్టు’ అంటారు. పెళ్ళి బరాత్‌లో బండి ముందు జనం ఎగురుతుంటే, బండి పైన బావ రెండు పుల్లలతో ఆ ప్యాడ్‌ను బాదుతుంటాడు. నేను సూర్యాపేటలో కంప్యూటర్లు బాగుచేసి బతుకుతాను. ఎంసీఏ చదివాను కాబట్టి చుట్టాల్లో ప్లగ్గున్న ప్రతి వస్తువుకూ నేనే డాక్టర్ని. మిక్సీలు కూడా వస్తాయి.

ఆ ప్యాడ్ సంగతి కొంచెం చెప్పాలి. బావ దాన్ని పాతది కొన్నాడు. కొనేనాటికే దాని సొంత గొంతు పోయింది. ఎంత బాదినా రబ్బరు మీద టపటప తప్ప మోత రాదు. కాని దాని వెనక, వాయిద్యాలు కంప్యూటరుతో మాట్లాడుకునే మిడి సాకెట్ ఒకటి బతికే ఉంది. గుండ్రటి సాకెట్, అందులో ఐదు చిన్న రంధ్రాలు. అక్కడి నుంచి ఒక కేబులు, దాని నడుమ అగ్గిపెట్టెంత డబ్బా, ఆ తర్వాత ల్యాప్‌టాప్. ప్యాడ్ మీద పుల్ల పడగానే ఆ కేబులు గుండా ఒక కబురు పోతుంది: దెబ్బ ఎక్కడ పడింది, ఎంత గట్టిగా పడింది. అంతే. బావ ఒకప్పుడు మంట సెగకు కాచిన అసలు డప్పులు వాయింపించి రికార్డు చేసుకున్న మోతలు ల్యాప్‌టాప్‌లో ఉన్నాయి. కబురును బట్టి వాటిలో ఒకదాన్ని తీసి అది బాక్సుల్లోకి వదులుతుంది. దెబ్బ గట్టితనాన్ని మిడి నూట ఇరవై ఏడు దాకా కొలుస్తుంది. ఆపైన ఎంత బాదినా నూట ఇరవై ఏడే. మనిషి తలకు కూడా అలాంటి హద్దు ఒకటి ఉంటే మా ఇంట్లో చాలా బాధ తప్పేది.

నేరేడుచర్లలో బరాత్ మంచి ఊపులో ఉండగా కబుర్లు ఆగిపోయాయి. బావ బాదుతూనే ఉన్నాడు, బాక్సులు పలకవు. ఏం చేయాలో తోచక ల్యాప్‌టాప్‌లో ఒక రికార్డు పాట పెట్టాడు. అదీ ఆయన చేసిన పొరపాటు. పెళ్ళికొడుకు అన్న బండెక్కాడు.

“మొబైల్ల పాట పెట్టుకునేటందుకు నిన్ను పిలిసినమా? మోత ఏది?”

“ఒక్క నిమిషం అన్నా, లైన్ పోయింది...”

ఆ నిమిషం ఆయన ఇవ్వలేదు. కుర్చీ ఇచ్చాడు.

తలకు కుట్లు వేయించి, గుడ్డ చుట్టి నేను ఇంటికి తీసుకొచ్చిన బావను చూసి అక్క అరవలేదు. అరిస్తే మాకు కొంచెం ధైర్యంగా ఉండేది. నీళ్ళు కాచింది, నెత్తురు కడిగింది, చొక్కా నానబెట్టింది, ఆ తర్వాత చెప్పింది.

“ఇంకొక్కసారి ఈ మనిషి నెత్తురుతోని గడప తొక్కిండంటే సెట్టు ఇంట్ల ఉండది. వేములపల్లాయన కొంటనని ఎప్పటి నుంచో అడుగుతుండు.”

“అమ్మి ఏం చేయాలె?” అన్నాడు బావ.

“రైసుమిల్లుల హమాలి పని చేయ్. బస్తాలు తిరగబడి కొట్టయి.”

బావ చేతులు ఊరికే ఉండవు. అన్నం కంచం మీద దరువేస్తాడు, బస్సు సీటు మీద వేస్తాడు, ఒకసారి చావింట్లో పాడె కట్టే వెదురు మీద కూడా వేసి పెద్దవాళ్ళ చేత తిట్లు తిన్నాడు. బస్తాలు మోసే బావను నేను ఊహించుకోలేకపోయాను. ఆయనా ఊహించుకోలేకపోయాడు. అందుకే నాకు ఫోన్ చేశాడు.

మిర్యాలగూడ పోయేసరికి ముందు గదిలో సెట్టు సిద్ధంగా ఉంది. బాక్సుల మీద, ల్యాప్‌టాప్ మూత మీద, జనరేటర్ మీద పసుపు, కుంకుమ బొట్లు. మా వైపు బండికి, మిషన్‌కు, తరాజుకు బొట్టు లేకపోతే కనిపిస్తుంది గాని ఉంటే కనిపించదు. నాకూ కనిపించలేదు. బావ ప్యాడ్ మీద ఒక్కటి వేశాడు. వంటింట్లో గిన్నెలు కదిలాయి. స్క్రీన్ మీద కబురు అందినప్పుడల్లా వెలిగే పచ్చ లైటు టక్కున వెలిగింది. ఏ రోగమూ లేదు. రోగి డాక్టర్ దగ్గరికి రాగానే నొప్పి మాయమైనట్టు.

చదువుకున్నవాడు చేయాల్సినవన్నీ చేశాను. కేబులు నడుమ డబ్బాకు కావలసిన డ్రైవర్ సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్ళీ వేశాను. ల్యాప్‌టాప్ కరెంటు మిగిల్చుకోవడానికి యూఎస్‌బీని నిద్రపుచ్చే అలవాటు ఉంటే మాన్పించాను. ప్రోగ్రాంలో మిడి వచ్చే దారికి టిక్కు ఉందా, చానల్ నంబరు కుదిరిందా చూశాను. అన్నీ బాగానే ఉన్నాయి. బాగా లేనిది ఒక్కటైనా దొరికితే ఎంత సంతోషపడేవాణ్ణో.

“ప్యాడ్ దిక్కు చూడనీ బావా,” అని కేబులు మీద చెయ్యి వేశాను. సాకెట్ దగ్గర నల్ల టేపు మందంగా చుట్టి ఉంది.

“గా టేపు ముట్టకు బామ్మర్ది. ఎగిరేటోళ్ళ కాళ్ళు తాకి వైరు ఊడిపోతదని ప్రతిసారి నేనే సుట్టుకుంట. సెట్టు మొత్తంల గట్టిగున్నది గదొక్కటే.”

ముట్టలేదు. యూఎస్‌బీ వైపు కొత్త కేబులు ముక్క వేసి, సమస్య తీరిందని అక్కకు భరోసా ఇచ్చి వచ్చాను. ఆమె నా మాట నమ్మింది. పాపం.

తర్వాతి బరాత్ పెన్‌పహాడ్ దగ్గర. మళ్ళీ అదే కథ. జనం ఊగిపోతున్న వేళ మోత చచ్చిపోయింది. ఈసారి పెళ్ళికొడుకు దోస్తులు బావను కాలరు పట్టి బండి దింపి, ఒకడు పట్టుకుంటే ఒకడు కొట్టే పద్ధతిలో పని పంచుకున్నారు. కింది పన్ను ఒకటి పోయింది. బావ తెలివైనవాడు. నెత్తురంతా పెన్‌పహాడ్‌లోనే ఉమ్మేసి, నోరు కడుక్కొని, నోరు మూసుకొని ఇంటికి వెళ్ళాడు. కాబట్టి అది అక్క షరతు కిందికి రాలేదు. చాలా రోజులు అన్నం ఒక పక్కే నమిలాడు.

కోదాడ పెళ్ళికి నేనూ బండెక్కాను. పెళ్ళికొడుకు వాళ్ళది సూర్యాపేట వైపు, పెళ్ళికూతురిది కోదాడ. పొద్దున్నే బరాత్, మధ్యాహ్నం ముహూర్తం. బండి కదలక ముందు బావ నాకు ఈ వృత్తిలోని అసలు సూత్రం చెప్పాడు.

“బరాత్‌ల కొట్లాట అయితది. అయితదా కాదా అని కాదు, ఏ గల్లీల అయితదో సూస్కోవాలె. అయినప్పుడు మనం మోత ఆపొద్దు. మోత నడుస్తున్నంత సేపు వాళ్ళు వాళ్ళు కొట్టుకుంటరు. మోత ఆగిందంటే అందరు తలకాయలెత్తి మనదిక్కు సూస్తరు.”

“పోలీసులొస్తే?”

“వాళ్ళు ఆపుమంటే ఆపుత. అప్పటికి ఎట్లాగు అయిపోతది.”

కొట్లాట ఫంక్షన్ హాలు ముందరి సందులో అయింది. పెళ్ళికొడుకు దోస్తులు బండి ముందు నుంచి కదలడం లేదు. ముహూర్తం దగ్గరపడుతోంది. పెళ్ళికూతురి బాబాయి, పట్టుపంచె కట్టుకున్న భారీ మనిషి, చేతులు జోడించి వచ్చాడు.

“ఇంక చాలు బాబూ, లోపలికి పదండి. పంతులుగారు కేకలేస్తన్నారు.”

ఒక దోస్తు ఎగురుతూనే ఆయన భుజం మీద చెయ్యేశాడు. “జర ఆగు మామా! ఇంకొక్క దరువు!”

“ఎవడ్రా నీకు మావ?”

ఆ దోస్తుకు పెళ్ళికూతురు వదిన వరస. ఆ లెక్కన వాడన్నదాంట్లో తప్పు లేదు. కాని లెక్క చెప్పేలోపే బాబాయి చెయ్యి వాడి చెంప మీద పడింది. ఆ చప్పుడు నాకు బాక్సుల మీదుగా వినిపించింది. నా అంచనాలో నూటపది.

తర్వాతి కొన్ని నిమిషాలు చాలా క్రమశిక్షణతో సాగాయి. దోస్తులు బాబాయిని కింద పడేశారు. బాబాయి కొడుకులు దోస్తులను కింద పడేశారు. ఒకడు తోరణాల కోసం తెచ్చిన చెరకుగడ విరిచి పంచిపెట్టాడు. ఒక పెద్దాయన “వద్దురా, వద్దురా” అంటూ మధ్యలోకి పోయి, వద్దన్న వాణ్ణే రెండు గుద్ది బయటికొచ్చాడు. ఒకడి ముక్కు నుంచి కారిన నెత్తురు వాడి కొత్త తెల్లచొక్కా మీద గుండీల వెంట వరసగా దిగింది. మగపెళ్ళివారి పక్క నుంచి ఒక కొబ్బరికాయ ఎగిరింది. ఎవరికి తగిలిందో చూడలేదు, తగిలిన శబ్దం మాత్రం విన్నాను. పెళ్ళికొడుకు గుర్రం మీద కూర్చొని అటూ ఇటూ చూస్తున్నాడు. గుర్రం మాత్రం అలవాటైనదానిలా నిలబడి చెరకు ముక్క ఒకటి నములుతోంది.

వీటన్నిటి మీదా బావ మోత. పళ్ళు బిగించి, కళ్ళు ప్యాడ్ మీద పెట్టి బాదుతున్నాడు. కొట్టుకుంటున్నవాళ్ళు తెలియకుండానే ఆ దరువుకే కొట్టుకుంటున్నారు. సూత్రం పనిచేస్తోంది.

అప్పుడు మోత ఆగింది.

కోదాడలో అంత నిశ్శబ్దం నేను మళ్ళీ వినలేదు. ఎవడిదో కాలరు ఎవడి చేతిలోనో ఉండగానే తలలన్నీ పైకి లేచాయి.

స్క్రీన్ చూశాను. పచ్చ లైటు వెలగడం లేదు. యూఎస్‌బీ పీకి వేరే చోట గుచ్చాను. లేదు. బతకడానికి ఒక నిమిషం కొనుక్కుందామని రికార్డు పాట పెట్టాను. నేరేడుచర్ల నుంచి నేనేమీ నేర్చుకోలేదని అప్పుడే అర్థమైంది.

“మోసం రా! పాట పెట్టిండు!” అన్నాడు ఒకడు. ఇప్పటిదాకా ఒకరి గొంతు ఒకరు నులుముకున్న రెండు పక్షాలవాళ్ళూ ఈ ఒక్క విషయంలో ఏకమై బండి వైపు వచ్చారు. పెళ్ళి అంటే రెండు కుటుంబాలు కలవడమని పెద్దలు ఊరికే అనలేదు.

కేబులు నడుమనున్న డబ్బా మీద చూపు పడింది. కరెంటు లైటు వెలుగుతోంది. బావ ప్యాడ్ మీద కొడితే మెరవాల్సిన రెండో లైటు మెరవడం లేదు. అంటే ల్యాప్‌టాప్ తప్పు లేదు, ప్రోగ్రాం తప్పు లేదు. కబురు ప్యాడ్ నుంచే బయటికి రావడం లేదు. నేను ఇంట్లో ఒక పూటంతా వెతికిన చోట రోగం లేదు. వద్దంటే వెతకని చోట ఉంది.

“బావా, టేపు కోస్తున్న!”

“కొయ్! నా చెయ్యి తప్ప ఏదైనా కొయ్!”

పళ్ళతో టేపు చింపాను. ప్లగ్గు లాగాను. సాకెట్ ఉండాల్సిన చోట పచ్చగా ఎండిపోయిన పసుపు ముద్ద, దాని నడుమ కుంకుమ. ఐదు రంధ్రాలూ నిండిపోయాయి. ప్లగ్గు పుల్లలకు కూడా పసుపు పొర.

అంతా ఒక్కసారే అర్థమైంది. దసరాకు సెట్టు విప్పి తుడిచి పూజ చేసేటప్పుడు అక్క సాకెట్‌కు కూడా బొట్టు పెట్టింది. పెట్టకుండా ఎట్లా ఉంటుంది? గుండ్రంగా, బొట్టు కోసమే చేసినట్టు ఉంటుంది అది. ఆ పొర మీదే బావ ప్లగ్గు గుచ్చి టేపు చుట్టాడు. ఇంట్లో కదలిక ఉండదు కాబట్టి ఎలాగో అంటుకొని పనిచేసేది. బండి మీద బాక్సులు అదిరి, ప్లగ్గు పసుపులో వెంట్రుకవాసి కదిలేది. నేరేడుచర్లలో తల పగిలాక దిష్టి తగిలిందని అక్క ప్రతి శుక్రవారమూ బొట్టు పెట్టసాగింది. దెబ్బలు పెరిగిన కొద్దీ పసుపు పెరిగింది, పసుపు పెరిగిన కొద్దీ దెబ్బలు.

“పిన్నీసు!” అన్నాను. బావ తన తలపాగాకు పెట్టుకున్న పిన్నీసు పీకి ఇచ్చాడు. గీకడం మొదలుపెట్టాను. ఒక రంధ్రం, ఇంకో రంధ్రం. దోస్తులెవరో బండి మీద పెట్టి మరిచిపోయిన సెంటు సీసా తీసి సాకెట్‌లోకి కొట్టాను. ఘాటైన మల్లెవాసన. బండి ఒక పక్కకు ఒరిగింది, ఎవరో ఎక్కుతున్నారు.

“బామ్మర్ది, తొందరగ.”

“అయితుంది బావా.”

“షామియానా కట్టె తెచ్చిండు.”

“అయితుందంటున్న గద!”

ఎక్కినవాడికి బావ ఎవరో తెలియదు, ప్యాడ్ ఏమిటో తెలియదు, చేతిలో కట్టె ఉందన్నది మాత్రం బాగా తెలుసు. ప్యాడ్ మీదికి కట్టె లేపాడు. బావ పారిపోలేదు. ప్యాడ్ మీద బోర్లా వంగి రెండు చేతులతో దాన్ని కప్పేశాడు. నేను ప్లగ్గు గుచ్చాను. కట్టె బావ తల వెనక దిగింది. బావ నుదురు ప్యాడ్ మీద కొట్టుకుంది.

ధన్ మని అన్ని బాక్సులూ ఒక్కసారిగా పేలాయి. ఎదురింటి రేకు దడదడలాడింది. గుర్రం మొదటిసారి బెదిరింది. స్క్రీన్ మీద పచ్చ లైటు, పక్కన అంకె: నూట ఇరవై ఏడు. నేను చూసిన వాటిలో అంత శుభ్రంగా అందిన మిడి కబురు ఇంకొకటి లేదు.

కట్టె పట్టుకున్నవాడు తను చేసిన చప్పుడుకు తనే జడిసి వెనక్కి అడుగేసి, బండి మీద నుంచి పడ్డాడు. బావ తలెత్తాడు. చెవి వెనక నుంచి నెత్తురు మెడ మీదికి కారుతోంది. ఒక పుల్ల పోయింది. మిగిలిన పుల్లతో, రెండో చేతి పిడికిలితో మొదలుపెట్టాడు. కింద ఒకరిద్దరు అలవాటుగా ఎగరడం మొదలుపెట్టారు. తక్కినవాళ్ళు ఎక్కడ ఆపారో అక్కడి నుంచి మళ్ళీ కొట్టుకున్నారు.

పోలీసులు వచ్చి ఆపమన్నాకే ఆపాడు. ముహూర్తం కొంచెం జరిగింది, పెళ్ళి మాత్రం జరిగింది.

కోదాడ దవాఖానకు పోలేదు. రెండు పార్టీలూ అక్కడే లైన్‌లో ఉంటాయి. సూర్యాపేట తీసుకుపోయాను. దారిలో బావ తలకు తువ్వాలు ఒత్తిపట్టుకొని మెల్లగా అన్నాడు.

“పసుపని మీ అక్కకు చెప్పకు.”

“చెప్పకపోతే సెట్టు పోతది బావా.”

“పోతే పోనీ. ఈ తల తనే పగలగొట్టిన అనుకుంటది. సచ్చేదాక అనుకుంటది.”

“బస్తాలు మోస్తవా?”

బావ తువ్వాలు మడత మార్చి మళ్ళీ ఒత్తుకున్నాడు. “మోస్త,” అన్నాడు.

సూర్యాపేట డాక్టరు గాయం తడిమి అడిగాడు: ఎక్కడ తగిలింది, ఎంత గట్టిగా, దేనితో. మొదటి రెంటికీ నా దగ్గర కచ్చితమైన జవాబు ఉంది. “షామియానా కట్టె సార్,” అన్నాడు బావ.

అక్క మిర్యాలగూడ బస్సు దిగి నేరుగా వచ్చింది. వరండాలో నన్ను పట్టుకుంది.

“ఏం దొరికిందిరా?”

“తుప్పు అక్కా.”

“తీసినవా?”

“తీసిన.”

“మళ్ళొస్తదా?”

తుప్పన్నాక మళ్ళీ రాదని చెప్పడానికి ఎంసీఏ సరిపోదు. “రావచ్చు,” అన్నాను.

అక్క తలూపి ఫోన్ తీసింది. “వేములపల్లాయనకు రేపే రమ్మంట.” ఆమె వేలు నంబరు కోసం వెతుకుతుండగా లోపల సూది దిగినట్టుంది, బావ అమ్మా అన్నాడు. ఆ చప్పుడు కింద, బల్ల అంచు మీద ఆయన వేళ్ళు. దరువే. కుట్టుకు కుట్టుకు నడుమ తాళం తప్పకుండా.

“అక్కా, తుప్పు కాదు. పసుపు.”

ఆమెకు ముందు అర్థం కాలేదు. సాకెట్ గురించి చెప్పాను. రంధ్రాల గురించి, శుక్రవారాల గురించి చెప్పాను. నవ్వించేటట్టు చెప్పాలని చూశాను, అలవాటు కాబట్టి. ఆమె నవ్వలేదు. బెంచీ మీద కూర్చొని తన బొట్టుపెట్టే వేలును చూసుకుంది. బొటనవేలితో దాన్ని రుద్దింది. తర్వాత లేచి లోపలికి పోయింది. నేనూ వెంట పోయాను, ఎవరినైనా కాపాడాల్సి వస్తుందేమోనని.

“నీకు ఎర్కనా?” అంది బావతో.

బావ నా వైపు చూసిన చూపు నూట ఇరవై ఏడు. “ఇయ్యాలనే తెల్సింది.”

“నాకు చెప్పొద్దన్నవా?”

“అన్న.”

భుజం మీద ఒక్కటి చరిచింది. డాక్టరు చేతిలో సూది ఆగింది.

“అమ్మా, కుట్లేస్తున్నం!”

“మీరు ఏస్కోండ్రి సార్. నేను ఈ పక్క కొడుతున్న.”

ఇంకొకటి వేసింది, మొదటిదానికన్నా మెల్లగా. ఆ చెయ్యి అక్కడే ఉంచేసింది. రెండో చేత్తో ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది.

“అన్నా, సెట్టు అమ్ముతలేం... లేదన్నా, ఎక్కువిచ్చినా వద్దు... ఆ, ఖరాబు దొరికింది... ఎవరి తప్పా? మా ఇంట్లదే.”

ఫోన్ కొంగులో చుట్టుకొని, ముక్కు తుడుచుకొని, నా వైపు తిరిగింది.

“గా రంధ్రాలకు మూతలు దొరుకుతయారా?”

“దొరుకుతయి. రబ్బరువి.”

“మంచియి తే. శుక్రవారానికి ముందే తే.”